క్యాంపు హేండిలు

నా బండికి పదిహేనేళ్ళు నిండాయి, నాకు యాభై నాలుగు. ఇద్దరిలో ఇంకా పనికొస్తావా అని ప్రభుత్వం అడిగేది బండినే కాబట్టి, ఆ శుక్రవారం తెల్లవారగానే దాన్ని కడిగి, చెయినుకి నూనె పెట్టి, అరకులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ క్యాంపుకి బయల్దేరాను.

కొండ ఊళ్ళు తిరిగి మిరియాలు, పసుపు, కాఫీ గింజలు కొని కిందికి పంపే పని నాది. పదిహేనేళ్ళు దాటిన బండిని ఇన్‌స్పెక్టర్ చూసి బాగుందంటే మరో ఐదేళ్ళు రిజిస్ట్రేషను పొడిగిస్తారు. బాగాలేదంటే అది రోడ్డెక్కకూడదు. నేను సరుకు ఎత్తే ఊళ్ళు పదిహేడు. అందులో పదకొండింటికి జీపు వెళ్ళదు, ఆటో వెళ్ళదు, నా బండి వెళ్తుంది. మిరియం కోతలు మొదలైన వారం అది. ఈ రెండు నెలలూ బండి ఆగితే నాకు ఏడాదంతా ఆగినట్టే. పాతది పోతే కొత్తది తెచ్చుకోరాదా అంటారు కొందరు. తెచ్చుకోవచ్చు. కొత్త బండిని నేను నడపలేను.

ఆరేళ్ళ కిందట చింతపండు బస్తాలతో ఘాట్ దిగుతూ ఒక మలుపులో ఇసుక మీద జారాను. ఎడమ మోచెయ్యి విరిగింది. కట్టు కట్టే ముసలాయన వెదురు బద్దలు పెట్టి బిగించి, నలభై రోజులు విప్పొద్దన్నాడు. నలభై రోజులంటే వారానికి నాలుగు చొప్పున ఇరవై రెండు సంతలు. చింతపండు ఆ నెల్లోనే వస్తుంది, ఆ నెల్లోనే పోతుంది. ఇరవయ్యో రోజున కత్తిపీట ముందు కూర్చుని కట్టు నేనే కోసేసుకున్నాను. ఎముక అతుక్కుంది గానీ మోచెయ్యి వంగిన చోటే నిలిచిపోయింది. చాచబోతే చాచుకోదు, మడవబోతే మడతపడదు. అన్నం తినేది కుడిచేత్తో కాబట్టి ఇంట్లో పెద్ద ఇబ్బంది లేదు. ఇబ్బందంతా బండి మీదే.

క్లచ్ ఉండేది ఎడమవైపు. బండిని కుడికి తిప్పినప్పుడల్లా హేండిలు ఎడమ కొస మనిషికి దూరంగా ముందుకు పోతుంది. నా చెయ్యి దాని వెనకాల వెళ్ళదు. అరకులో సుక్రు అని మెకానిక్కున్నాడు. పెద్దగా మాట్లాడడు, పని మాత్రం చూసి చేస్తాడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, నా చెయ్యి ఎంతవరకూ వస్తుందో తాడుతో కొలుచుకున్నాడు. హేండిలు ఎడమ కొస నాలుగంగుళాలు కోసి, పొట్టవైపు వంచి, బెత్తెడు పైకి లేపి వెల్డింగు పెట్టాడు. కుడివైపు ముట్టుకోలేదు.

ఆ హేండిలుతో ఆరేళ్ళు తిరిగాను, ఎవరికీ చెప్పకుండా. కాటా పట్టే మనిషి గురించి అమ్మేవాళ్ళకి ఎంత తక్కువ తెలిస్తే అంత మంచిదని నా లెక్క. చెయ్యి సరిగా లేనివాడికి సరుకు ఎందుకని ఇంకొకడి దగ్గరికి పోతారు. అందుకని ఏప్రిల్ ఎండలో కూడా నిండు చేతుల చొక్కా తొడిగేవాణ్ణి. పోలీసులు నిలబడే చోటు తప్పించుకోవడానికి పదకొండు కిలోమీటర్లు ఎక్కువయ్యే చుట్టుదారిలో పోయేవాణ్ణి. ఆ పదకొండు కిలోమీటర్లలో మలుపులు అరవై మూడు, కుడికి తిరిగేవి ముప్పై ఐదు. మా ఆవిడ మగ్దలేనమ్మకి ఒక్కదానికే అంతా తెలుసు. "ఎన్నాళ్ళు ఇలగ దొంగలాగ తిరుగుతావు?" అనేది చొక్కా ఉతికినప్పుడల్లా. "ఈ ఒక్క సీజను" అనేవాణ్ణి. అలా అంటూ ఆరేళ్ళు గడిపాను.

అసలు అరకులో కంపెనీ హేండిలుతో ఉన్న పాత బండి దొరకడమే కష్టం. పొదలు తగలకుండా రెండు కొసలూ కోసుకున్నవాళ్ళు కొందరు. టాంకు మీద బస్తా పెట్టుకోవడానికి వెడల్పు చేయించుకున్నవాళ్ళు కొందరు. నిలబడి ఎత్తు ఎక్కడానికి పైకి లేపించుకున్నవాళ్ళు ఇంకొందరు. క్యాంపు వచ్చిందంటే వీళ్ళందరికీ కంపెనీ హేండిలు కావాలి. అలాంటిది సుక్రు దగ్గర ఒక్కటే ఉంది. గోనెపట్టాలో చుట్టి షాపులో దూలానికి కట్టి ఉంచుతాడు. దాన్ని అందరూ క్యాంపు హేండిలంటారు. గొట్టం లావు దాదాపు అన్ని బండ్లకీ ఒకటే కాబట్టి దేనికైనా పడుతుంది. క్యాంపు రోజున సుక్రు గ్రౌండు వెనకాల సిల్వర్ ఓక్ చెట్ల కింద పానాలు పరుచుకుని కూర్చుంటాడు. ఒకడి బండికి అది బిగించి లోపలికి పంపిస్తాడు. వాడు పాసై వెనక్కొస్తే విప్పి తర్వాతివాడి బండికి బిగిస్తాడు. లివర్లు, స్విచ్చులు ఎవరివి వాళ్ళవే. హేండిలూ, రెండు అద్దాలూ మాత్రం ఊరందరివీ.

నేను వెళ్ళేసరికి చెట్ల కింద నా ముందు నలుగురున్నారు.

"బేగి రమ్మన్నాను కదా బావూ," అన్నాడు సుక్రు తలెత్తకుండా. "ఐదో నంబరైపోనావు."

"ఉండనీ. ఇన్‌స్పెక్టరు ఎవరు?"

"కొత్తాయన. భాస్కర్ సారట. ఘాట్ ఎక్కుతూ రెండుసార్లు జీపు ఆపించి కక్కుకున్నాడంట."

"అయితే మంచిదే. కడుపు బాగోలేనోడు బేగి వొదిలీస్తాడు," అన్నాడు కొండబాబు. ఇతను బొర్రా గుహల దారిలో టూరిస్టులకి బొంగు చికెన్ అమ్ముతాడు. నుదుట రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, తన బండి మీద ఒరిగి నిలబడ్డాడు. దాని హేండిలు కొసలు అతని భుజాల కన్నా ఎత్తున్నాయి. అతను నా బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "మావా, నీదానికి ఇన్‌స్పెక్టరు కాదు, పశువుల డాక్టరు కావాల. ఒక కొమ్ము ఇరిగిపోనాది," అన్నాడు.

"నీది మరి దుప్పి."

"దుప్పి కాబట్టే టూరిస్టులు ఎక్కి పొటోలు తీసుకుంటన్నారు. నీ బండి దగ్గర ఎవుడైనా ఒక పొటో దిగినాడేటి?"

నవ్వాను. ఎందుకు వంచావని అతను అడగలేదు. నేను చెప్పలేదు.

కూర్చుని బండిలో వస్తువులు ఒక్కొక్కటే చూసుకున్నాను. ముందు లైటు, వెనక లైటు, నాలుగు ఇండికేటర్లు, హారను, రెండు బ్రేకులు, టైర్ల గాట్లు, చెయిన్ కవరు, చీర చిక్కకుండా ఉండే జాలీ, నంబరు ప్లేటు, పొల్యూషన్ కాగితం, ఇన్సూరెన్సు. పదిహేను లెక్కకొచ్చాయి. మిగిలింది హేండిలు ఒక్కటే. అది కొండబాబు బండి మీద లోపలికెళ్ళింది. ఎప్పుడు బయటికొస్తుందా అని దారి వైపే చూస్తూ కూర్చున్నాను. లోపల వాళ్ళు ఏం చేస్తున్నారో చూడాలనీ, వచ్చినవాళ్ళని అడగాలనీ తోచలేదు.

పదకొండున్నరకి నా వంతొచ్చింది. సుక్రు నా వంకర హేండిలు విప్పి గోనెసంచిలో పెట్టాడు. క్యాంపు హేండిలు బిగించి, "తోసుకుంటూ ఎల్లు బావూ, ఎక్కకు," అని చెవిలో చెప్పాడు. తోసుకుంటూ వెళ్ళాను. పాత క్యాంపుల్లో బండి స్టార్టు చేసి హారను కొట్టి చూపిస్తే చాలని అందరూ చెప్పేవాళ్ళు.

గ్రౌండులో తాడు కట్టిన చోట రాజులమ్మ నిలబడి ఉంది. అక్క వరస కట్టి అప్పా అని పిలుస్తాను. ఆమెది పై కొండ మీద ఊరు. జీపు వెళ్ళని పదకొండింటిలో మొదటిది. ఆ ఊరి మిరియమంతా ఆమె మాట మీదే నా కాటాకి వస్తుంది. శుక్రవారం సంతకి పసుపు తెచ్చుకుని, నేనిక్కడున్నానని విని వచ్చింది.

"సావుకారీ, మిరియం ఎత్తడానికి ఎప్పుడొత్తావు? నెత్తి మీద కోతులు కూకున్నాయి," అని తాడవతల నుంచి అరిచింది.

"సోమవారం అప్పా. ఇది అవనీ."

భాస్కర్ సారు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ముప్పై ఐదేళ్ళకి మించవు. చేతిలో సగం కోసిన నిమ్మకాయ, మొహం పసుపు రంగులో ఉంది. లేవడానికి కుర్చీ చేతులు రెండూ పట్టుకున్నాడు. లైట్లు చూశాడు. హారను కొట్టమన్నాడు. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్దుకున్నాడు. టైర్లు బూటుతో తట్టాడు. అద్దాల్లో తన మొహం చూసుకుని వెంటనే పక్కకి తిరిగాడు. నా పదిహేనూ సరిపోయాయి.

"బాగానే ఉంది. ఎక్కండి," అన్నాడు.

"సార్?"

"ఆ రాళ్ళు కనిపిస్తున్నాయి కదా. వాటి చుట్టూ ఎనిమిది అంకె వేసి, నా ముందుకొచ్చి బ్రేకు వెయ్యండి. అందరి చేతా వేయిస్తున్నాను."

బండిలో ఉన్నవన్నీ రెండుసార్లు లెక్కపెట్టుకున్నవాణ్ణి. దాని మీద కూర్చునేవాణ్ణి లెక్కలో వెయ్యడం మరిచాను.

ఎక్కాను. ఎడమ చెయ్యి గ్రిప్పు దాకా వెళ్ళాలంటే నడుము వంచి ముందుకి పడాల్సి వచ్చింది. మొదటి చుట్టు ఎడమవైపు. హేండిలు కొస నా దగ్గరికొచ్చింది, బాగానే తిరిగాను. రెండో చుట్టు కుడివైపు. కొస దూరమైంది. వేళ్ళు క్లచ్ మీద నుంచి జారిపోయాయి. బండి ఒక్క కుదుపు కుదిపి, రాయి మీదకెక్కి, నన్ను కింద వేసి పక్కన పడుకుంది.

తాడవతల ఎవరో "అయ్యయ్యో" అన్నారు. కొండబాబు వచ్చి బండి లేపాడు. నేను లేచి ప్యాంటు దులుపుకున్నాను.

"నడపడం రాదా మీకు?" అన్నాడు భాస్కర్ సారు.

ముప్పై ఏళ్ళు సంతల్లో బేరాలాడినవాడికి అబద్ధం కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. "ఈ బండి నేను నడపను సార్. పేరు నాదే గానీ మా మేనల్లుడు తోలతాడు. నేను వెనకాల కూర్చుని సరుకు చూసుకుంటానంతే," అన్నాను.

"మేనల్లుణ్ణి పిలవండి మరి."

"విజయనగరం వెళ్ళాడు సార్."

రాజులమ్మ తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చేసింది. నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఓలమ్మ, పడి తలకి తగిలీసినాది! నీకు మేనల్లుడెక్కడున్నాడు సావుకారీ? ఆరేళ్ళుగా నువ్వొక్కడివే కదా ఎక్కొత్తన్నావు," అంది.

"నువ్వుండప్పా."

"ఉండడమేటి? బాబూ, ఈ సావుకారికి తల తిరుగుతున్నాది, నీ చేతిలో నిమ్మకాయ కాస్త ఇయ్యి," అని ఇన్‌స్పెక్టరు ముందు చెయ్యి చాచింది.

భాస్కర్ సారు నిమ్మకాయ ఇవ్వలేదు. "ఈయన బండి బాగా నడుపుతాడా అమ్మా?" అని అడిగాడు.

"నడపకేటి? మా కొండ మీదికి జీపోడు రానన్నాడు, ఈయనొత్తాడు. కాపోతే ఆ ఎడం చెయ్యి సాగదు. దానికి తగ్గట్టు ఆ కమ్మీ ఒంచుకున్నాడు. ఇది ఆయన కమ్మీ కాదు కదా, అందుకే పడినాడు."

నా చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టి ఉన్నాయి. వాటి వైపు చూసుకున్నాను.

"నీకెలా తెలుసు?" అన్నాను మెల్లగా.

"తెలీకేటి! ఆ మొదట్లో గోని ఎత్తలేక మోకాలెట్టి తోసినావు కాదా. మేం పక్కకి తిరిగి నవ్వుకున్నాం. తర్వాత నవ్వడం బాగోలేదని మా పిల్లగుంటలు సిన్న సంచులు కట్టడం మొదలెట్టినారు. నీ ఒక్కడికే సావుకారీ. సంతలో పసుపు కొనే ఆయనకి పెద్దవే కట్టి ఇత్తాం."

ఇక్కడ నేను ఒక మాట చెప్పాలి. మా వ్యాపారంలో సంచి బరువు కింద తరుగు తీస్తాం. సంచికి అరకిలో. యాభై కిలోల గోనెకీ అరకిలోనే, పాతిక కిలోల సంచికీ అరకిలోనే. ఆ ఊరు చిన్న సంచులు కట్టడం నేను ఐదారేళ్ళ కిందటే గమనించాను. ఎందుకని అడగలేదు. చిన్నవైతే సంచులు రెట్టింపు, తరుగు రెట్టింపు. అది నాకు లాభమే కాబట్టి అడిగే అవసరం కనపడలేదు. ఆ ఊరి నుంచి సీజనుకి నలభై సంచులు. అందులో ఇరవై నా చెయ్యి కోసం అదనంగా కట్టినవి. అంటే ఏడాదికి పది కిలోల మిరియం, ఆరేళ్ళకి అరవై. అమ్మినవాళ్ళు నా మోచేతి కోసం అరవై కిలోలు వదిలేసుకున్నారు, నేను వాళ్ళకి లెక్క తెలియదనుకుని తీసుకున్నాను. మిగతా పది ఊళ్ళలో కూడా సంచులు చిన్నవేనని అప్పుడు గుర్తొచ్చింది. అక్కడికి లెక్క ఆపేశాను.

"మీ అసలు హేండిలు తెప్పించండి," అన్నాడు భాస్కర్ సారు.

"అసలు హేండిలంటే..."

"చూడండి, ఈ హేండిలుని నేను పొద్దుట్నుంచి ఐదోసారి చూస్తున్నాను. ఎడమ కొస దగ్గర ఎవరో మేకుతో సిలువ గీశారు. ఇందాక అంత బొట్టు పెట్టుకుని ఒకాయన వచ్చాడు, ఆయన బండికీ సిలువే ఉంది."

ఆ సిలువ మా ఊరి విల్సన్ మాస్టారు పోయినేడు తన బండి పాసవ్వాలని గీసుకున్నది. కొండబాబు నుదురు తడుముకుని రెండడుగులు వెనక్కేశాడు.

"మరి వాళ్ళందరినీ పాస్ చేశారు కదా సార్," అన్నాను.

"వచ్చినప్పుడు బండి మీద ఏముందో దాన్ని చూస్తాను. నడిపారు, ఆపారు. చెట్ల వెనక్కి వెళ్ళి చూడాలంటే ఓపిక ఉండాలి. నాకివాళ లేదు. మీరు పడ్డారు కాబట్టి అడుగుతున్నాను."

సుక్రు సంచి పట్టుకుని వచ్చాడు. క్యాంపు హేండిలు విప్పి నాది బిగించాడు. ఎప్పుడూ తొందరపడని మనిషి, ఆ రోజు పానా రెండుసార్లు జారవిడిచాడు. నేనెక్కాను. ఎడమ చెయ్యి తనంతట తనే దాని చోటుకెళ్ళింది. ఎనిమిది వేశాను. ఇంకోటి వేశాను. కుడివైపు చుట్టు అయితే రాయికి జానెడు దూరంలో, కాలు కింద పెట్టకుండా, మనిషి నడిచే వేగంలో తిరిగాను. ఆయన ముందుకొచ్చి బ్రేకు వేస్తే బండి గీత మీద నిలబడింది.

భాస్కర్ సారు వెల్డింగు మీద వేలితో రాసి చూశాడు. హేండిలు పట్టుకుని బలంగా ఊపాడు. కదల్లేదు.

"ఎవరు చేశారిది?"

సుక్రు పానా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"పని బాగుంది. కానీ దీన్ని నేను పాస్ చెయ్యలేను," అని కుర్చీలో కూలబడ్డాడు. "రెండు దార్లు చెప్తాను, మీరే తేల్చుకోండి. కంపెనీ హేండిలే మళ్ళీ బిగించి మీ మెకానిక్కుని నడపమనండి. బండిలో లోపమేమీ లేదు, పాసవుతుంది. కాగితం ఇవాళే వస్తుంది. చెట్ల కింద మీరేం మార్చుకుంటారో నేను చూడబోను. కానీ దాని మీద ఎవరినైనా గుద్దితే, ఇన్సూరెన్సు వాళ్ళు ముందు చూసేది ఆ వెల్డింగే."

"రెండోది సార్?"

"మీ చెయ్యి సంగతి రాస్తాను. బండి ఇవాళ ఫెయిలు. మీరు ఆసుపత్రికెళ్ళి వికలాంగులకిచ్చే సదరం సర్టిఫికెట్ తెచ్చుకోవాలి, మార్పుకి దరఖాస్తు పెట్టుకోవాలి, లైసెన్సులో కూడా రాయించుకోవాలి. అన్నీ ఒప్పుకుంటే ఈ హేండిలే మీ బండికి లెక్కలో హేండిలు అవుతుంది. రెండు నెలలు పడుతుంది, మూడూ కావచ్చు. వస్తుందని మాట ఇవ్వలేను. అంతవరకూ బండి కదలకూడదు."

నా జన్మలో ఇంత సులువైన లెక్క ఎవరూ ముందు పెట్టలేదు. ఒకవైపు ఈ పూట, ఇంకోవైపు మిరియం సీజను మొత్తం. సుక్రు అప్పటికే క్యాంపు హేండిలు చేతిలోకి తీసుకున్నాడు. నేను నోరు తెరిచాను కూడా.

ఐదేళ్ళు అని మనసులో అనుకున్నాను. ఐదేళ్ళంటే ఐదు వేసవులు ఈ చొక్కా. వారానికి నాలుగుసార్లు ఆ పదకొండు కిలోమీటర్లు, పోను అరవై మూడు మలుపులు, రాను అరవై మూడు. చీకట్లో లేవడం. ఐదేళ్ళ తర్వాత మళ్ళీ ఇదే గ్రౌండు, ఇదే గొట్టం, అప్పటికి నాకు యాభై తొమ్మిది. ప్రతి ఊళ్ళో ప్రతి సంచీ పాతిక కిలోలే, ఎందుకో ఇప్పుడు నాకు తెలిసి కూడా అరకిలో చొప్పున తీస్తూ ఉండాలి. ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో వెయ్యడానికి నాకు ఓపిక లేకపోయింది. పొద్దుట్నుంచీ కాదు, చాలా కాలం నుంచే లేదేమో. లెక్క తప్పని తెలిసి కూడా ఆ మాట అన్నాను.

"రాసెయ్యండి సార్."

"మెల్లగా ఆలోచించుకోండి. నాకింకా ఇరవై బండ్లున్నాయి."

"రాసెయ్యండి," అని చొక్కా గుండీ విప్పి చెయ్యి పైకి మడిచాను. ఎండ తగలక ఆ మోచెయ్యి కుడిదానికన్నా తెల్లగా ఉంది. ఆయన చూసి, బండి నంబరు కింద నాలుగు వరసలు రాశాడు. ఒక ప్రతి చింపి నా చేతికిచ్చాడు. "తోసుకుంటూ వెళ్ళండి. రోడ్డు మీద ఎక్కొద్దు," అని నిమ్మకాయ మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

చెట్ల కిందికి వచ్చేసరికి కొండబాబు తన దుప్పి కొమ్ములు మళ్ళీ బిగించుకుని తయారుగా ఉన్నాడు. "మావా, నీకు పిచ్చా? ఇంత దాకా వొచ్చి ఒప్పీసుకున్నావేటి? సుక్రు రెండు నిమిషాల్లో నడిపీసేవోడు కదా!"

"నడిపేవాడు."

"మరేటి?"

"అలసిపోయాన్రా."

"అలసిపోతే టీ తాగాల. ఫెయిలైపోతారేటి ఎవరైనా!"

సుక్రు క్యాంపు హేండిలుని ఆరో బండికి బిగిస్తూ, "రేపు ఆసుపత్రికి నానొత్తాను బావూ. ఎలగ కోసినానో, ఎలగ ఒంచినానో డాక్టరుకి నాను సెప్తాను," అన్నాడు. అతను ఒకేసారి అన్ని మాటలనడం అదే మొదలు.

రాజులమ్మకి విషయం అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక బుట్ట కింద పెట్టేసింది.

"రెండు నెల్లా? మరి మిరియం ఎవుడు దించుతాడు? మా ఆడోళ్ళు నెత్తినెట్టుకుని మూడు కొండలు దిగాలేటి? నీ చెయ్యి సంగతి నాను సెప్పినాననేటి నా మీద కోపం?"

"కోపం కాదప్పా."

"కోపం కాపోతే ఇదేటి? నాను నోరు మూసుకున్నా బాగుణ్ణు."

"కిందికి దించొద్దు. కోసింది బాగా ఎండబెట్టి ఇంట్లో ఉంచండి. మిరియం చెడిపోదు. కాగితం వచ్చిన వారం నేనే వస్తాను. రాకపోతే కింద దాకా జీపు తెచ్చి, కూలీలని పైకి పంపి దింపిస్తాను. మిగతా పది ఊళ్ళకీ ఇదే మాట చెప్పు, సంతలో ఎవరు కనపడితే వాళ్ళకి."

"రెండు నెల్లు ఇంట్లో ఉంటే ఇంకా ఎండి తూకం పోద్ది. నీకు తెల్దేటి?"

"తెలుసు. వందకి నాలుగు కిలోలు. పోయింది నాది. ఎత్తే రోజు తూకానికి ఆ నాలుగూ కలిపి డబ్బిస్తాను."

ఆమె నన్ను కాసేపు చూసింది. నా మాట నమ్మాలా వద్దా అని కాదు, ఎంతవరకూ లాగొచ్చా అని. ఆ చూపు నేనెరుగుదును. నాదీ అదే.

"ఆరు," అంది. "మా కొండ మీద ఎండ ఎక్కువ."

"మీ కొండ మీద మంచు తప్ప ఎండ ఎప్పుడుందప్పా? నాలుగు."

"సంచులు పెద్దవి కట్టాలా, సిన్నవా?"

"పెద్దవే కట్టండి. ఎత్తడానికి మనిషిని పెట్టుకుంటాను," అన్నాను.

బండి స్టాండు తీశాను. గ్రౌండు నుంచి మా ఇంటికి నాలుగు కిలోమీటర్లు, చర్చి దాకా అంతా ఎత్తు. సంత రోజు కాబట్టి రోడ్డు నిండా జనం. ఇన్నాళ్ళూ బండి మీదే చూసిన మనుషులందరూ దిగి తోసుకుంటూ పోతున్న నన్ను చూశారు, మడిచి ఉన్న చొక్కా చేతినీ చూశారు. ఎవరూ ఆగలేదు. వాళ్ళ తొందర వాళ్ళది. ఎడమ చెయ్యి వంగే ఉంటుంది కాబట్టి తొయ్యడానికి అనువుగానే ఉంది. బరువంతా కుడి భుజం మీద పడింది.

కొంత దూరం పోయాక బండి తేలికైంది. వెనక్కి చూస్తే రాజులమ్మ సీటు మీద బుట్ట పెట్టి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేత్తో తోస్తోంది. ఆమె పోవాల్సిన జీపు స్టాండు కూడా ఆ దారిలోనే ఉంది.

"ఐదు," అన్నాను.

ఆమె వినపడనట్టే ఉంది. ఎత్తు ఎక్కువైన చోట పళ్ళు బిగించి గట్టిగా ఒక తోపు తోసింది. ఇద్దరికీ ఊపిరి సరిపోవడం లేదు. చర్చి గోడ దగ్గరికొచ్చాక ఆగి, చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆరు," అంది.